గ్రౌబ్యూండెన్‌కి మూడు రోజులు పెట్టొచ్చా? పెట్టండి, కానీ మామూలు రైలెక్కండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జూన్‌లో అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్ వస్తున్నారు. అందరూ వెళ్లే ఇంటర్‌లాకెన్, యుంగ్‌ఫ్రావ్ వైపు కాకుండా తూర్పున ఉన్న గ్రౌబ్యూండెన్‌లో మూడు రోజులు రైళ్ల కోసమే పెట్టాలనుకుంటున్నారు. అది సబబేనా, అద్దాల పైకప్పున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్ టికెట్ తప్పనిసరిగా కొనాలా, రొమాన్ష్ అనే భాష అక్కడ నిజంగా వినిపిస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మూడు రోజులు పెట్టండి. అద్దాల రైలు అక్కర్లేదు, అదే పట్టా మీద గంటగంటకీ నడిచే మామూలు రైలు ఎక్కండి. రొమాన్ష్ వినిపిస్తుంది, కానీ రైలు దిగి వెతుక్కోవాలి. చదవడానికైతే స్టేషన్ బోర్డు చాలు.

నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, రైల్వేలో పర్మనెంట్ వే, అంటే పట్టాల నిర్వహణ విభాగంలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా కొత్తవలస-కిరండూల్ లైన్‌లో, అనంతగిరి ఘాట్ మీద గడిచింది. మా అమ్మాయి వాళ్లు కూర్ అనే ఊళ్లో ఉంటారు. ఇది గ్రౌబ్యూండెన్ రాజధాని. ఇంగ్లిష్ అక్షరాలు చూసి చూర్ అనకండి, కూర్ అనే పలుకుతారు. వీసా 90 రోజులే కాబట్టి ఏడాదికి మూడు నెలలు, ఆరేళ్లుగా వచ్చి వెళ్తున్నాను. వచ్చినప్పుడల్లా ఆ మూడు నెలల్లో సగం రైళ్లలోనే ఉంటాను.

ఆ రైల్వే పేరు రేటియన్ రైల్వే. మీటర్‌గేజ్, దాదాపు 384 కిలోమీటర్లు. పెట్టెల పక్కన పేరు మూడు భాషల్లో కనిపిస్తుంది: జర్మన్, ఇటాలియన్, రొమాన్ష్. రొమాన్ష్‌లో "వియాఫియర్ రేటికా". వియా అంటే దారి, ఫియర్ అంటే ఇనుము. ఇనుప దారి అన్నమాట. ఆ రెండు ముక్కలు తెలిసిన రోజు నుంచీ నేను ప్రతి బోర్డూ విడగొట్టి చదవడం మొదలుపెట్టాను. ఈ ప్రాంతం చూసే పద్ధతి నాకు దొరికింది అలాగే. అద్దాల రైలు వద్దనడానికీ కారణం అదే: అది చిన్న స్టేషన్లలో ఆగదు, మీకు నచ్చినచోట దిగి గంట తర్వాత మళ్లీ ఎక్కడానికి కుదరదు.

మన దగ్గరా అంతే కదా. కొత్తవలస, కరకవలస, శిమిలిగూడ. వలస, గూడ అన్న మాటల్లో ఎవరో ఎక్కడినుంచో వచ్చి కొండ పక్కన ఇళ్లు వేసుకున్న సంగతి ఉంది. నేను ఆ స్టేషన్లలో ఏళ్ల తరబడి తిరిగి కూడా అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు. ఇక్కడ పరాయి భాషలో చదివాకే మన బోర్డుల్లో ఏముందో గుర్తొచ్చింది.

మొదటి రోజు: కూర్ నుంచి సేంట్ మోరిట్స్, ఆల్బులా లైన్

రెండు గంటల ప్రయాణం. కుడివైపు కూర్చోండి. తూసిస్ దాటాక అసలు ఘాట్ మొదలవుతుంది. సోలిస్ దగ్గర లోయకి 89 మీటర్ల ఎత్తున వంతెన దాటుతారు. ఫిలిజూర్ ముందు అందరూ ఫోన్లు పట్టుకుని లేచే చోటు వస్తుంది, లాండ్‌వాసర్ వంతెన. ఎత్తు 65 మీటర్లు, పొడవు 136 మీటర్లు, 20 మీటర్ల ఆర్చీలు ఆరు. అది తిన్నగా ఉండదు, 100 మీటర్ల రేడియస్ కర్వ్ మీద వంగి ఉంటుంది. చివరి ఆర్చీ అయిపోగానే నిలువు కొండలోకి, నేరుగా టన్నెల్‌లోకి దూరిపోతారు. 1901, 1902ల్లో కట్టారు. ఎత్తయిన స్తంభాలకి చుట్టూ పరంజా కట్టలేదు. మధ్యలో ఇనుప టవర్ నిలబెట్టి, దాని మీద క్రేన్ పెట్టి, రాళ్లు పైకి లాగుతూ చుట్టూ కట్టుకుంటూ వెళ్లారు. ఆ టవర్ స్తంభం కడుపులోనే ఉండిపోయింది.

కర్వ్ సంగతి మా వాళ్ల భాషలో చెప్తే మీకు దాని విలువ తెలుస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌లో 10 డిగ్రీల కర్వ్, అంటే 175 మీటర్ల రేడియస్, అంతకంటే బిగువుగా వెయ్యకూడదు. ఇక్కడ మీటర్‌గేజ్ కాబట్టి 100 దాకా తేగలిగారు. బెర్నినా లైన్‌లో అయితే 45 మీటర్ల వరకూ ఉంది. గ్రేడియంట్, అంటే పట్టా ఎక్కే వాలు, ఆల్బులాలో వెయ్యికి 35, అంటే సుమారు 28కి 1: 28 మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎక్కడం. మా ఘాట్‌లో 60కి 1. మాది ఇనుప ఖనిజం మోసే బరువు లైన్ కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువ అనకూడదు. అయినా 28కి 1 మీద పళ్ల చక్రం లేకుండా, ఉత్త చక్రం-పట్టా పట్టుతో ఎక్కడం చిన్న విషయం కాదు. ఆల్బులా లైన్ చీఫ్ ఇంజినీర్ ఫ్రీడ్రిష్ హెన్నింగ్స్ మొదటినుంచీ ఆ పట్టు మీదే ఉన్నాడు. వాలు అంతకు మించకూడదు, వంతెనలు దొరికినంత వరకూ స్థానిక రాయితోనే కట్టాలి. ఇనుప వంతెన అయితే రంగులు వేస్తూ ఉండాలి, రివెట్లు చూస్తూ ఉండాలి. రాతి ఆర్చీకి ఆ బెడద తక్కువ. జీవితమంతా మెయింటెనెన్స్ చేసినవాడిగా ఆ నిర్ణయానికి చేతులెత్తి మొక్కుతాను.

బెర్గ్యూన్‌లో తప్పకుండా దిగండి. ఇక్కడినుంచి పైనున్న ప్రేడా స్టేషన్ 416 మీటర్ల ఎత్తులో ఉంది. తిన్నగా లోయ వెంట వెళ్తే ఆ వాలు రైలుకి ఎక్కదు. అందుకే లైన్‌ని చుట్టలు చుట్టి 12 కిలోమీటర్లకి సాగదీశారు. కొండలో ఒక టన్నెల్‌లోకి ఇటు దూరి, లోపలే తిరిగి, అటు పైన తేలుతుంది. బెర్గ్యూన్ ఊరు ఒకసారి ఈ కిటికీలోంచి, ఇంకోసారి ఆ కిటికీలోంచి కిందికి కనిపిస్తుంది. మీ నాన్నగారు ఎటు వెళ్తున్నామని అడుగుతారు, చెప్పడం కష్టం.

ఆ టన్నెళ్లలో ఒకదాని పేరు ఇంగ్లిష్‌లో దేవుడు అన్న మాటకి పెట్టే అక్షరాలతోనే ఉంటుంది. పలికేది గోద్ అని. రొమాన్ష్‌లో గోద్ అంటే అడవి. పైన నిజంగానే అడవే ఉంది. స్టేషన్ బోర్డు మీద కూడా రెండు పేర్లు చూడండి, బెర్గ్యూన్, దాని కిందే బ్రావుయోన్. రెండోది రొమాన్ష్. ఈ ఊళ్లో ఒకప్పుడు అందరిదీ ఆ భాషే. ఇప్పుడు వీధిలో జర్మనే. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. రైలు ఈ లోయలకి బతుకుతెరువు తెచ్చింది, దాంతోపాటే జర్మన్ మాట్లాడే అతిథుల్ని, హోటళ్లని, ఉద్యోగాల్ని తెచ్చింది. పిల్లలకి జర్మన్ వస్తేనే పని దొరికే పరిస్థితి వచ్చింది. నేను ప్రేమించే ఈ రైల్వేకి ఆ భాష తగ్గడంలో భాగం ఉంది.

స్టేషన్ పక్కనే ఆల్బులా రైల్వే మ్యూజియం ఉంది. బయట "మొసలి" అని పిలుచుకునే పాత కరెంటు ఇంజిన్ నిలబెట్టి ఉంటుంది. గంటన్నర సరిపోతుంది.

ప్రేడా దాటగానే ఆల్బులా టన్నెల్. పాతది 5,865 మీటర్లు, 1903లో రైళ్లు మొదలయ్యాయి. తవ్వుతుంటే మధ్యలో రౌవాకె అనే రాయి తగిలింది. పేరుకి రాయే గానీ లోపలంతా తేనెపట్టులా బొక్కలు, వాటినిండా చల్లటి నీళ్లు. దెబ్బ కొడితే బురదై కారిపోతుంది. కాంట్రాక్టర్లు చేతులెత్తేస్తే రైల్వేనే పని తీసుకుని పూర్తి చేసింది. 16 మంది కూలీలు చనిపోయారు. ఇప్పుడు మీరు వెళ్లేది దాని పక్కనే తవ్విన కొత్త టన్నెల్, 2024 జూన్‌లో తెరిచారు. ఈసారి అదే రౌవాకె దగ్గర నేలని గడ్డకట్టించి తవ్వారు. పాత టన్నెల్‌ని ప్రమాదం జరిగితే జనం తప్పించుకునే దారిగా ఉంచారు. కొన్ని నిమిషాలు చీకటి, అంతే. కానీ అటువైపు తేలేసరికి వేరే నది పరీవాహకంలో ఉంటారు. ఇవతల నీళ్లు రైన్ నదికి, అవతల నీళ్లు ఇన్ నదికి.

రెండో రోజు: బెర్నినా లైన్, ఈ మూడు రోజుల్లోకీ అసలైనది

సేంట్ మోరిట్స్ లేదా సమేడన్‌లో పడుకుని పొద్దున్నే బయల్దేరండి. నా సలహా సమేడన్. చిన్న ఊరు, జంక్షన్, ఖర్చూ కొంత తక్కువ. టిరానో వైపు వెళ్లే రైలెక్కి మళ్లీ కుడివైపే కూర్చోండి. చాలా సర్వీసులకి "అల్లెగ్రా" అనే ఎర్ర రైలు వస్తుంది. అల్లెగ్రా అంటే ఈ ఎంగదీన్ లోయలో ఎదురుపడ్డవాళ్లకి పెట్టే దండం, సంతోషంగా ఉండండి అన్న మాట. కొత్తగా వచ్చిన ఇంకో రకం రైలు పేరు కాప్రికోర్న్. అది కొండమేక, ఈ రాష్ట్రం జెండా మీద ఉండే జంతువు.

మొర్టెరాచ్ స్టేషన్‌లో ఒక గంట దిగండి. ఈ లైన్ వేసినప్పుడు గ్లేసియర్ మూతి స్టేషన్‌కి దగ్గర్లోనే ఉండేది. 19వ శతాబ్దం చివరినుంచి సుమారు మూడు కిలోమీటర్లు వెనక్కి పోయింది. నడిచే దారి పొడవునా, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో పలకలు పాతారు. దారి చదునే, అమ్మగారు కూడా కొంత దూరం నడవగలరు. నేను మా మనవరాలితో వెళ్లినప్పుడు అది నా పుట్టిన సంవత్సరానికి దగ్గరున్న పలక దగ్గర ఆగి, "తాతయ్యా, నువ్వు పుట్టినప్పుడు మంచు ఇక్కడుందా?" అంది. చుట్టూ రాళ్లు, వాటి సందుల్లో నా భుజం ఎత్తు చెట్లు. మంచు ఎక్కడుందా అని తలెత్తి చూస్తే లోయ లోపల దూరంగా బూడిద రంగులో ఉంది. అక్కడినుంచి కనుమదాకా అది ఇంకో ప్రశ్న అడగలేదు, నేనూ మాట్లాడలేదు.

తర్వాత లైన్ చెట్లు లేని మైదానంలోకి ఎక్కుతుంది. జూన్ మొదట్లో వస్తే ఇక్కడ ఇంకా మంచు పలకలు ఉండొచ్చు, స్వెట్టర్లు చేతిలోనే పెట్టుకోండి. ఓస్పిత్సియో బెర్నినా స్టేషన్ 2,253 మీటర్లు. పెద్దవాళ్లకి మెట్లెక్కితే కాస్త ఆయాసం రావొచ్చు, నెమ్మదిగా నడవమనండి, మంచినీళ్లు తాగించండి.

ఆ స్టేషన్‌కి కొంచెం ముందు, పట్టా పక్కన రెండు చెరువులుంటాయి. ఇదొక్కటీ చూడకుండా వెళ్లకండి. మొదటిది చిన్నది, నీళ్లు ముదురు రంగు. పేరు లేయ్ నైర్, రొమాన్ష్‌లో నల్ల చెరువు. దాని వెనకే పెద్దది, పాలు కలిపినట్టు తెల్లటి నీళ్లు. గ్లేసియర్ రాయిని నూరిన పిండి కలిసి ఆ రంగు వస్తుంది. పేరు లాగో బియాంకో, ఇటాలియన్‌లో తెల్ల చెరువు. రెంటికీ మధ్య ఒక గట్టు. ఆ గట్టే నీళ్లు విడిపోయే చోటు, అక్కడ బోర్డు కూడా ఉంది. నల్ల చెరువు నీళ్లు ఇన్‌లో కలిసి, డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి పోతాయి. తెల్ల చెరువు నీళ్లు దక్షిణానికి దిగి పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతాయి. భాష కూడా సరిగ్గా ఆ గట్టు మీదే మారుతుంది. ఇటు లేయ్, అటు లాగో. ఇక్కడినుంచి వచ్చే స్టేషన్లు కవాల్యా, పోస్కియావో, లే ప్రేజె, మిరాలాగో. మధ్యలో ఆల్ప్ గ్రూమ్ తప్పితే అన్నీ ఇటాలియనే. పశువులు తోలుకుని ఏ వైపునుంచి ఎక్కివచ్చారో ఆ వైపువాళ్లు తమ మాటలో పేరు పెట్టుకున్నారు, నీళ్లు ఎక్కడ విడిపోతే పేర్లూ అక్కడ విడిపోయాయి. మ్యాపుల్లో ఇది గీత మాత్రమే. అక్కడ నిలబడితే ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు.

అక్కడినుంచి టిరానో దాకా 1,824 మీటర్లు దిగుతారు. వాలు వెయ్యికి 70, అంటే 14కి 1. ఇదీ పళ్ల చక్రం లేకుండానే. ఆల్ప్ గ్రూమ్‌లో ఆగినప్పుడు కిందికి చూస్తే మీరు దిగబోయే పట్టా పొరలు పొరలుగా కనిపిస్తుంది. కిటికీ దించుకునే వీలున్న పెట్టె దొరికితే కర్వ్‌ల్లో చక్రం అంచు పట్టాకి రాసుకునే కీచుమనే చప్పుడు వినండి. పట్టా కింద స్టీలు స్లీపర్లు గమనించండి. మన దగ్గర సిమెంటు స్లీపర్లు అలవాటైన కళ్లకి అవి కొత్తగా ఉంటాయి. ఏప్రిల్‌లో ఒకసారి నారింజ రంగు జాకెట్లు వేసుకున్న గ్యాంగ్ మనుషులు పలుగులతో మంచు కొట్టి పాయింట్లు, అంటే రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట్లు, శుభ్రం చేస్తుంటే చూశాను. ప్లాట్‌ఫాం మీద నిలబడి వాళ్లకి చెయ్యి ఊపాను, అందులో పెద్దాయన టోపీ తీసి ఊపాడు.

బ్రూజియో దగ్గర రైలు బయట, పచ్చిక మీద, అందరికీ కనిపించేలా గుండ్రంగా తిరిగి తన కిందనుంచే వెళ్తుంది. తొమ్మిది ఆర్చీలు, 110 మీటర్లు, 70 మీటర్ల రేడియస్. లోయ ఇరుకు, దిగాల్సిన ఎత్తు ఎక్కువ, కొండలో టన్నెల్ తవ్వడం కంటే ఇది చవక. అందం కోసం చేసింది కాదు, లెక్క కుదరడం కోసం చేసింది. టిరానో ఇటలీలో ఉంది కాబట్టి పాస్‌పోర్టులు హోటల్‌లో వదిలి రాకండి. పొద్దున మంచు చూసినవాళ్లు మధ్యాహ్నం అక్కడ ద్రాక్ష తోటలు చూస్తారు.

ఆల్బులా, బెర్నినా లైన్లు రెండూ కలిపి 2008 జులైలో యునెస్కో జాబితాలో చేరాయి. మన కాల్కా-సిమ్లా లైన్‌ని కూడా ఆ సమావేశంలోనే చేర్చారు.

మూడో రోజు: భాష వినాలంటే

రొమాన్ష్‌ని 1938లో ప్రజలు ఓటేసి స్విట్జర్లాండ్ నాలుగో జాతీయ భాష చేశారు. నోట్ల మీద కూడా ఉంటుంది. కానీ 2000 జనాభా లెక్కల్లో అది తమ ప్రధాన భాష అని చెప్పినవాళ్లు సుమారు 35,000 మందే. రోమన్లు క్రీస్తు పూర్వం 15లో ఈ కొండలు పట్టుకున్నప్పుడు వచ్చిన లాటిన్, కొండవాళ్ల నోట్లో పడి ఇలా అయింది. కూర్ కూడా ఒకప్పుడు ఈ భాష ఊరే. 1464లో ఊరు కాలిపోతే మళ్లీ కట్టడానికి జర్మన్ పనివాళ్లు వచ్చారు, ఊరి భాష మారిపోయింది.

ఇంత చిన్న భాషకి రాతలో ఐదు రూపాలున్నాయి. ఇల్లు అన్న మాట పడమటి లోయలో కాజా, ఎంగదీన్ పైభాగంలో చేజా, కిందిభాగంలో చాజా. 1982లో అందరికీ కలిపి ఒక ఉమ్మడి రూపం తయారుచేశారు. ప్రభుత్వ కాగితాలకి పనికొచ్చింది గానీ బడిలో పెడితే చాలా ఊళ్లవాళ్లు మా మాట మాకు కావాలని వెనక్కి తీసుకున్నారు. ఇందులో ఎవరిది తప్పని నేననను. శ్రీకాకుళంలో పుట్టినవాడిని, బడి తెలుగులో నా మాట కనిపించకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

వినడానికి రెండు దారులు. ఒకటి సమేడన్ నుంచి స్కుఓల్. లావుపాటి గోడల ఇళ్లు, లోతైన చిన్న కిటికీలు, సున్నం పూత గీరి వేసిన ముగ్గుల్లాంటి బొమ్మలు. రెండోది కూర్ నుంచి డిజెంటిస్, గంటా పావు. కూర్ వైపు బస ఉంటే నా ఓటు దీనికి. ఎన్నో వేల ఏళ్ల కింద ఒక కొండ మొత్తం కూలి రైన్ నదికి అడ్డం పడింది, నది దాన్ని కోసుకుని వెళ్లింది. ఆ తెల్లటి గోడల మధ్య అడుగున రైలు వెళ్తుంది. ఆ చోటు పేరు రుయినౌల్టా. రుయినా అంటే కూలిపడ్డ రాళ్లు, ఔల్టా అంటే ఎత్తయినది. చివరి స్టేషన్ బోర్డు మీద డిజెంటిస్, ముస్టేర్ అని రెండు పేర్లు. మొదటిదాని వెనక లాటిన్ మాటకి నిర్జనమైన చోటు అని అర్థం, రెండోదానికి మఠం. బయటికి వచ్చి తలెత్తితే ఊరి మీద ఆ తెల్లటి మఠమే ఉంటుంది.

స్కుఓల్‌లో నేర్చుకున్న "గ్రాత్స్‌చా", అంటే ధన్యవాదాలు, డిజెంటిస్‌లో రొట్టెల కొట్టావిడకి చెప్పాను. ఆవిడ నవ్వి, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, నెమ్మదిగా "ఎంగ్రాత్సియెల్" అని విడమరిచి చెప్పింది. నేను అన్నాక మళ్లీ అనిపించింది. వెనకున్న ముసలాయన కూడా కలిపాడు. మీరు కూడా ఒక మాటతో మొదలుపెట్టండి. అందరికీ జర్మన్ వచ్చు, ఇంగ్లిష్ కూడా చాలావరకు సరిపోతుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

కొన్ని పనికొచ్చే సంగతులు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఈ లైన్లన్నీ, టిరానోతో సహా, అందులోకే వస్తాయి. మామూలు రైళ్లకి సీటు రిజర్వేషన్ అవసరం లేదు, అద్దాల రైలుకైతే పాస్ ఉన్నా విడిగా డబ్బు కట్టాలి. మీ నాన్నగారికి నడుం నొప్పి లాంటివి ఉండి, దిగి ఎక్కడం కష్టమైతే మాత్రం అద్దాల రైలే మంచిది. సీటు ఖాయం, కదలనవసరం లేదు. అప్పుడు ఒకవైపు అందులో వెళ్లి తిరిగి మామూలు రైలులో రండి. వేసవి నడిమధ్యలో బెర్నినా లైన్‌లో కొన్ని రైళ్లకి పైకప్పు లేని పసుపు పెట్టెలు తగిలిస్తారు, జూన్‌లో మీకు దొరక్కపోవచ్చు.

శాకాహారులైతే మాలున్స్ అడగండి, ఉడికించిన ఆలుగడ్డ తురుము పిండిలో కలిపి వెన్నలో వేయించి ఆపిల్ గుజ్జుతో పెడతారు. కాపున్స్ ఆకులో చుట్టి అందంగా ఉంటుంది గానీ అందులో మాంసం వేస్తారు. కూర్ సూపర్ మార్కెట్లో పెరుగు దొరుకుతుంది, అన్నం వండుకునే వీలున్న బస తీసుకుంటే రైల్లో పెరుగన్నం తినొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

చివరిగా, చిన్న స్టేషన్లు చాలావాటిలో మీరు బటన్ నొక్కితేనే రైలు ఆగుతుంది. లోపలుంటే తలుపు దగ్గరది, ప్లాట్‌ఫాం మీదుంటే స్తంభానికుండేది. మొదటి ఏడాది నాకిది తెలియక, దిగాల్సిన ఊరు కళ్లముందే దాటిపోయింది. తేదీలు ఖరారయ్యాక ఇక్కడే రాయండి, ఏ రోజు ఎక్కడ బస చేయాలో రైలు టైములు చూసి చెప్తాను.